ఆ కోటకు ఒకటే వాకిలి

ఇండియాలో అన్నిటికంటే ఎత్తైన కొండ ఏది? పోటీ పరీక్షలకు చదివే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ప్రశ్న ఇది. జవాబు మాత్రం అడిగే తీరును బట్టి మారిపోతుంది. మ్యాప్‌లో మనదని గీసుకున్నదంతా లెక్కేస్తే కె2, 8611 మీటర్లు. కానీ అది పాకిస్తాన్ ఆక్రమణలో ఉంది. మన చేతిలో ఉన్నదే లెక్కేస్తే కాంచనగంగ, 8586 మీటర్లు. దాంట్లో సగం నేపాల్‌ది. అబ్బే, పంపకాలు లేకుండా పూర్తిగా మన ఇంట్లోనే ఉన్న కొండ పేరు చెప్పండి అంటే మాత్రం నందా దేవి. ఎత్తు 7816 మీటర్లు. ఉత్తరాఖండ్, చమోలీ జిల్లా. దాని కొస మీద నిలబడి ఏ పక్కకు జారినా ఇండియాలోనే పడతాం.

పరీక్షకు ఇంతవరకు చాలు. నాకు మాత్రం ఆ కొండ ఎత్తు కంటే అది నిలబడిన తీరు మీదే మోజు. ఈ వారం దాని గురించే.

ఫోన్‌లో మ్యాప్ యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, నందా దేవి అని కొట్టండి. 3డీ ఉంటే ఇంకా మంచిది. మొదట అంతా తెలుపే, ఏం అర్థం కాదు. రెండు వేళ్లతో మెల్లగా వెనక్కి లాగుతూ, కొంచెం పక్కకు వంచి చూడండి. మధ్యలో ఒక పెద్ద కొండ. దాని చుట్టూ ఖాళీ, అంటే గ్లేషియర్లు. ఆ ఖాళీ చుట్టూ మళ్లీ కొండల గోడ. గోల్కొండ చూసినవాళ్లకు వెంటనే అర్థమైపోతుంది: నడిమధ్య బాలాహిస్సార్, చుట్టూ ప్రాకారం. తేడా అల్లా ఈ ప్రాకారం ఎవరూ కట్టింది కాదు. దాని మీది బురుజులు ఒక్కోటీ ఆరేడు వేల మీటర్లు.

ఆ గోడ పొడవు దాదాపు 110 కిలోమీటర్లు. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు కదా, దానికంటే కాస్త చిన్న రింగు అనుకోండి. ఓఆర్ఆర్ మీద తిరుగుతుంటే పటాన్‌చెరు, శామీర్‌పేట్, ఘట్‌కేసర్ అని బోర్డులు వచ్చినట్టు ఈ రింగు మీద తిరిగితే వచ్చే పేర్లు ఇవీ: దునాగిరి 7066, చంగాబంగ్ 6864, కలంకా 6931, హర్‌దేవల్ 7151, తూర్పున నందా దేవి ఈస్ట్ 7434, దక్షిణాన మైక్‌తోలి 6803, మృగ్‌థూనీ 6855, నైరుతిలో త్రిశూల్ 7120. ఇంకా ఉన్నాయి, ఆపేస్తున్నా. వీటిలో దేన్నైనా తీసుకెళ్లి ఐరోపాలో పెడితే ఆ ఖండం మొత్తానికీ అదే రాజు. ఇక్కడ మాత్రం కాపలా ఉద్యోగం.

ఓఆర్ఆర్‌కు బోలెడు ఎగ్జిట్లు. ఈ రింగుకు ఒకటే. పడమర వైపు రిషి గంగ అనే నది గోడను కోసుకుని బయటికి వస్తుంది. అక్కడ తప్ప ఈ గోడ ఎక్కడా 5200 మీటర్ల కంటే కిందికి దిగదు. అంటే లోపలికి వెళ్లాలంటే రెండే దారులు. ఎవరెస్ట్ బేస్ క్యాంపు దగ్గరదగ్గర ఉండే ఎత్తుకో, అంతకు పైకో ఎక్కి గోడ దూకాలి. లేదా ఆ నది కోసిన గండిలోంచి దూరాలి.

గండి అన్న మాట ఊరికే వాడలేదు. కడప జిల్లాలో గండికోట చూశారుగా, పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చిన చోటు. అంచు మీద నిలబడి కిందికి చూస్తే కడుపులో తిప్పుతుంది. అలాంటి గండిని పదింతలు లోతుగా ఊహించండి. కింద మంచుకరిగిన నీళ్ల హోరు, రెండు పక్కలా నిట్టనిలువు బండ, కాలు పెట్టడానికి అక్కడక్కడా గడ్డి మొలిచిన అరుగులు. ఇదే రిషి గంగ గండి. సప్తర్షులు ఇక్కడ తపస్సు చేశారని, అందుకే ఆ పేరని స్థానికులు చెబుతారు. తపస్సుకు ఇంతకంటే డిస్టర్బెన్స్ లేని చోటు దొరకదు లెండి.

ఇప్పుడు ఒక మాట నేర్చుకుందాం: ప్రామినెన్స్. కొండల పిచ్చి ఉన్నవాళ్లు ఎత్తు కంటే దీనికే ఎక్కువ విలువిస్తారు. ఒక శిఖరం మీద ఉన్నారు. అక్కడినుంచి దానికంటే ఎత్తైన ఇంకో శిఖరానికి వెళ్లాలి. ఎంత తెలివైన దారి ఎంచుకున్నా మధ్యలో కనీసం ఎంత కిందికి దిగక తప్పదో, అదీ ప్రామినెన్స్. ఉదాహరణకు లోట్సే. ఎత్తు 8516 మీటర్లు, ప్రపంచంలో నాలుగో స్థానం. కానీ అది ఎవరెస్ట్‌కు భుజం ఆనించుకుని ఉంది. లోట్సే నుంచి 610 మీటర్లు దిగితే చాలు, ఎవరెస్ట్ ఎక్కడం మొదలుపెట్టొచ్చు. అంటే అన్న భుజాల మీద కూర్చుని పొడుగ్గా కనిపిస్తున్న తమ్ముడన్నమాట. నందా దేవి ఎత్తులో ప్రపంచంలో 23వది. కానీ దాని ప్రామినెన్స్ 3139 మీటర్లు. మన రాష్ట్రాల్లో చూసుకుంటే అల్లూరి జిల్లాలోని అర్మ కొండ సముద్రమట్టం నుంచి సుమారు 1680 మీటర్లు. అలాంటివి ఒకదాని మీద ఒకటి రెండు పెడితే వచ్చేంత ఎత్తు ఈ కొండ ఎవరి సాయమూ లేకుండా సొంతంగా నిలబడింది.

సరే, దానికంటే ఎత్తైన నేల దగ్గరలో ఎక్కడుంది? అదీ లెక్క ఉంది. 389 కిలోమీటర్లు. నేపాల్లో ధవళగిరి దాకా వెళ్లాలి. హైదరాబాద్ నుంచి గూడూరుకు మ్యాప్ మీద నిటారుగా గీత గీస్తే దాదాపు అంత దూరం వస్తుంది. అంత మేర ఎటు చూసినా తనకంటే పొడుగు లేదు. పక్కనే కామెట్ ఉంది, టిబెట్‌లో గుర్లా మాంధాత ఉంది, రెండూ 7600 దాటినవే, అయినా దీనికి తక్కువే. 19వ శతాబ్దం మొదట్లో ధవళగిరి కొలతలు బయటికి వచ్చేదాకా ప్రపంచంలో ఎత్తైన కొండ నందా దేవే అనుకున్నవాళ్లున్నారు. అనుకోవడంలో తప్పేం లేదు. కౌసానీ నుంచో, ఔలీ నుంచో, రాణీఖేత్ నుంచో చూస్తే చుట్టుపక్కల కొండలన్నిటి తలల మీదుగా అదే కనిపిస్తుంది.

అన్ని ఊళ్ల నుంచీ కనిపించే కొండ. దాని పాదం దగ్గరికి మాత్రం 1934 దాకా ఎవరూ వెళ్లినట్టు ఆధారం లేదు. భూగోళంలో ఇలాంటి తమాషాలు తక్కువ. దూరపు కొండలు నునుపు అంటాం కదా, ఈ కొండ విషయంలో నునుపో గరుకో చూసొచ్చి చెప్పడానికే ఎవరికీ కుదరలేదు.

ప్రయత్నించలేదని కాదు. 1883లో గ్రాహం అనే ఇంగ్లిష్ ఆయన స్విస్ గైడ్లతో గండిలోకి దూరబోయి వెనక్కి తిరిగాడు. 1905లో లాంగ్‌స్టాఫ్ తూర్పు గోడ ఎక్కి, అంచు మీంచి లోపలికి తొంగి చూశాడు. దిగలేకపోయాడు. 1907లో మళ్లీ పడమటి వైపు నుంచి వచ్చాడు, గండి లొంగలేదు. ఆ కసితోనేమో, పక్కనే ఉన్న త్రిశూల్ ఎక్కేశాడు. అప్పటికి మనిషి ఎక్కిన శిఖరాల్లో అదే ఎత్తైనది. అంటే అసలు కోటలోకి దారి దొరక్క బురుజు ఎక్కితేనే రికార్డు అయిపోయింది! ఆ తర్వాత హ్యూ రట్లెడ్జ్ 1926 నుంచి 1932 మధ్య మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఉత్తచేతులతో పోయాడు.

1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్‌మన్ వచ్చారు. వాళ్లతో ముగ్గురు షెర్పాలు: అంగ్ థార్కే, పసంగ్, కుసంగ్. మొత్తం ఐదుగురు. అప్పట్లో హిమాలయాలకు దండయాత్ర అంటే వందల మంది కూలీలు, టన్నుల సామాను. వీళ్లది ఇప్పటి మాటల్లో చెప్పాలంటే బడ్జెట్ ట్రిప్. గండిలో ఒక అరుగు మీద నడుస్తారు, అది హఠాత్తుగా గాల్లో అయిపోతుంది. కిందికి దిగి నది దాటి అటు పక్క వెతుకుతారు. మళ్లీ వెనక్కి. చివరి కొన్ని కిలోమీటర్లకు రోజులకు రోజులు పట్టాయి. ఆఖరికి ఒక్కో అరుగూ దొరుకుతూ పోయి లోపలికి చేరారు. అక్కడ చూస్తే పచ్చిక మైదానాలు, పూలు, మనిషంటే ఏమిటో తెలియక బెదరకుండా నిలబడి చూసే భరల్ గొర్రెలు. వర్షాలు వచ్చాయని బయటికి వచ్చి, ఆగస్టులో మళ్లీ లోపలికి వెళ్లి, మిగతా సగం కూడా తిరిగి మ్యాపు గీసుకున్నారు. ఈసారి వచ్చిన దారిన పోకుండా దక్షిణపు గోడ దూకి సుందర్‌ఢుంగా వైపు దిగిపోయారు. శిఖరం మాత్రం ఎక్కలేదు. దారి దొరికింది, అదే పెద్ద విషయం.

పుస్తకాల్లో షిప్టన్, టిల్‌మన్ పేర్లు పెద్దగా ఉంటాయి, మిగతా మూడు పేర్లు చిన్నగా ఉంటాయి. ఆ బరువులు మోసింది ఎవరో ఊహించడానికి పెద్ద ఊహ అక్కర్లేదు.

రెండేళ్ల తర్వాత, 1936 ఆగస్టు 29న, టిల్‌మన్, నోయెల్ ఓడెల్ శిఖరం మీద నిలబడ్డారు. ఈ ఓడెల్ ఎవరనుకున్నారు? 1924లో ఎవరెస్ట్ మీద మాలరీ, ఇర్విన్ మేఘాల్లోకి మాయమయ్యే ముందు వాళ్లను చివరిసారి చూసిన మనిషి. నిజానికి నందా దేవి శిఖరానికి ఓడెల్‌తో వెళ్లాల్సింది చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ కుర్రాడు. పాడైపోయిన డబ్బా మాంసం తిని ఆ రాత్రే జబ్బుపడ్డాడు. అలా టిల్‌మన్‌కు సీటు దొరికింది. 1950లో ఫ్రెంచివాళ్లు అన్నపూర్ణ ఎక్కేదాకా, పద్నాలుగేళ్లపాటు, మనిషి ఎక్కిన శిఖరాల్లో ఇదే ఎత్తైనది.

కొండ కదా అని కొండలా చూడరు గఢ్వాల్, కుమావ్ జనం. ఆమె వాళ్ల ఆడపడుచు. నందా దేవి అంటే పార్వతి. పుట్టిల్లు ఈ ఊళ్లు, అత్తిల్లు ఆ మంచుకొండలు. పన్నెండేళ్లకోసారి ఆమెను సారెతో అత్తింటికి సాగనంపుతారు. నందా దేవి రాజ్ జాత్ అంటారు. నౌటీ గ్రామం నుంచి హోమ్‌కుండ్ దాకా దాదాపు 280 కిలోమీటర్లు, మూడు వారాల నడక. ముందు నాలుగు కొమ్ముల గొర్రెపోతు నడుస్తుంది. చివర్లో దాని వీపున కానుకలు కట్టి కొండల్లోకి వదిలేస్తారు. 2014లో జరిగినప్పుడు వేలమంది నడిచారు. ఆడపిల్లను పంపుతూ కళ్లనీళ్లు పెట్టుకునే పాటలు పాడతారట. గౌరమ్మను చెరువుకు సాగనంపే మన ఆడవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకటి గమనించారా, ఇంత చేసినా వాళ్లు ఆ కొండ లోపలికి వెళ్లరు. హోమ్‌కుండ్ గోడకు బయటే ఉంది. త్రిశూల్ కింద ఆగి, దండం పెట్టి, వెనక్కి వచ్చేస్తారు. అత్తింటి గడప దాకానే.

ఎవరెస్ట్ పడమటి గట్టు ఎక్కిన విల్లీ అన్సోల్డ్ అనే అమెరికన్, కుర్రతనంలో ఈ కొండను చూసి కూతురు పుడితే ఇదే పేరు పెట్టాలనుకున్నాడు. పెట్టాడు కూడా. 1976లో తండ్రీ కూతురూ కలిసి నందా దేవి ఎక్కడానికి వచ్చారు. 22 ఏళ్ల నందా దేవి అన్సోల్డ్ ఆ సెప్టెంబరులో 7300 మీటర్ల దగ్గర గుడారంలో జబ్బుపడి, తండ్రి కళ్లముందే చనిపోయింది. ఆమెను ఆ మంచులోనే వదిలి రావాల్సి వచ్చింది. దీని మీద ఎవరేం కథలు అల్లుకున్నా, అంత ఎత్తులో శరీరానికి ఏమవుతుందో వైద్యం ఎప్పుడో చెప్పింది. అయినా ఆ పేరు చదివినప్పుడల్లా నాకు ఒక క్షణం చేయి ఆగుతుంది.

ఇంక ఆ బ్యాటరీ కథ. చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు, సగం మసాలాతో. మసాలా తీసేస్తే మిగిలేది ఇదీ. 1964 అక్టోబరులో చైనా తొలి అణుపరీక్ష చేసింది. ఆ ప్రయోగాల మీద కన్నేయాలని అమెరికా సీఐఏకూ, మనకూ ఆశ. అప్పటికి ఆకాశం నుంచి గూఢచర్యం ఇంకా పసిదశలో ఉంది. టిబెట్ వైపు అడ్డు లేకుండా చూడగల ఎత్తైన చోటు కావాలి. చుట్టూ 389 కిలోమీటర్లు తనకంటే పొడుగు లేని కొండ ఏదో ఇందాక చెప్పుకున్నాం కదా! 1965 అక్టోబరులో కెప్టెన్ ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వంలో (అదే ఏడాది ఎవరెస్ట్ విజయానికి నాయకుడు ఈయనే) ఒక రహస్య బృందం సెన్సరును, దానికి కరెంటు ఇచ్చే ప్లుటోనియం జనరేటర్ను నందా దేవి మీదికి మోసుకెళ్లింది. శిఖరం ఇంకొంచెం ఉందనగా తుఫాను. సామాన్లన్నీ పై క్యాంపులో బండకు కట్టేసి దిగిపోయారు. వేసవిలో వచ్చి పని పూర్తి చేద్దామని. 1966లో వెళ్లి చూస్తే జనరేటర్ లేదు. కట్టిన చోటే లేదు, హిమపాతం ఊడ్చేసింది. మూడేళ్లు వెతికారు. దొరకలేదు. 1978లో ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టాక ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకున్నారు.

అది బాంబు కాదు, పేలదు. అందులో ఉన్నది ప్లుటోనియం-238, వేడి పుట్టించి కరెంటు తయారుచేసే రకం, సగం కరగడానికి 88 ఏళ్లు పడుతుంది. ప్రభుత్వం వేసిన కమిటీ నీళ్లకు ప్రమాదం పెద్దగా లేదంది. కావచ్చు. కానీ కింద ఊళ్లో ఉండి రోజూ ఆ నీళ్లు తాగేవాళ్లకు 'పెద్దగా లేదు' అన్న మాట ఎలా వినబడుతుందో మనం ఇక్కడ కూర్చుని చెప్పలేం. ఎందుకంటే ఆ కోటకు వాకిలి ఒకటే. లోపల ఏ మూల ఏం కరిగినా, ఏం జారినా, ఏం విరిగినా అన్నీ కలిసి వచ్చేది ఒక్క రిషి గంగలోనే. రిషి గంగ రైణీ ఊరి దగ్గర ధౌలీగంగలో కలుస్తుంది, ధౌలీ విష్ణుప్రయాగలో అలకనందలో, అలకనంద దేవప్రయాగలో భాగీరథితో కలిసి గంగ. మిగతాది మీకు తెలిసిందే.

ఇక్కడే వాకిలి పక్కన ఉండే ఊళ్ల సంగతి చెప్పాలి. జోషీమఠ్ (ఇప్పుడు జ్యోతిర్మఠ్ అంటున్నారు) నుంచి నీతీ లోయ దారిలో పాతిక కిలోమీటర్లు వెళ్తే రైణీ, లాతా. 1974 మార్చి 26న రైణీ మగవాళ్లు ఊళ్లో లేని సమయం చూసి చెట్లు నరకడానికి కాంట్రాక్టరు మనుషులు వస్తే, గౌరా దేవి నాయకత్వంలో ఆడవాళ్లు చెట్లను వాటేసుకుని అడ్డం నిలబడ్డారు. చిప్కో ఉద్యమం అని స్కూల్లో రెండు మార్కులకు చదివామే, ఆ ఊరు ఇదే.

అదే 1974లో నందా దేవి లోపలికి విదేశీయులను మళ్లీ అనుమతించారు. ఇక చూడండి. దశాబ్దంలోపే ఒకదాని వెనక ఒకటి బృందాలు, వాటి కూలీలు, సామాను మోసే గొర్రెలు మేకల మందలు, వంటకు నరికిన భోజపత్ర చెట్లు, డబ్బాలు, సీసాలు, చెత్త. వేటగాళ్లకు కూడా దారి తెలిసిపోయింది. కస్తూరి మృగాలు తగ్గిపోయాయి. శిఖరం ఎక్కేవాళ్లు పదుల్లోనే, తొక్కేసింది మాత్రం మొత్తం లోయను. 1982లో నేషనల్ పార్కు ప్రకటించి 1983లో లోపలికి రాకపోకలు బంద్ చేశారు. ఎక్కేవాళ్లకూ లేదు, ట్రెక్కర్లకూ లేదు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ తర్వాత 1993లోనూ 2003లోనూ శాస్త్రవేత్తలు, సైనిక ఇంజనీర్లతో బృందాలు వెళ్లాయి. చెట్టూ పుట్టా కోలుకుంటున్నాయని చూసొచ్చాయి. వస్తూ వస్తూ పాత చెత్త కొంత మోసుకొచ్చాయి.

బంద్ మంచిదే. నాకు అందులో సందేహం లేదు. కానీ ఎవరి మీద బంద్ పడింది? ఢిల్లీ నుంచో లండన్ నుంచో వచ్చేవాళ్లకు ఇంకో కొండ దొరుకుతుంది. లాతా వాళ్లకు? ఎండాకాలం గొర్రెలు మేపుకునే పచ్చికలు పోయాయి, మూలికలు ఏరుకునే హక్కు పోయింది, కూలీ, గైడు పనులు పోయాయి. చెట్లను కాపాడిన ఊళ్లే చెట్ల పేరు చెప్పి బయట నిలబడాల్సి వచ్చింది. 1998లో లాతా జనం కోపంతో పార్కులోకి నడిచి వెళ్లి మా హక్కు మాకివ్వండి అన్నారు. తర్వాత్తర్వాత అంచుల్లో కొద్దిపాటి ట్రెక్కింగుకు అనుమతి వచ్చింది.

మనుషులను ఆపిన ఆ వాకిలి దగ్గరే కరెంటు కంపెనీలకు మాత్రం అడ్డు లేకపోయింది. రైణీ దగ్గర రిషి గంగ మీద 13.2 మెగావాట్ల ప్రాజెక్టు. ఇంకాస్త కింద తపోవన్ దగ్గర ధౌలీగంగ మీద 520 మెగావాట్లది. మ్యాప్ ఇంకా తెరిచే ఉందా? రైణీ మీద వేలుపెట్టి నది వెంట తూర్పుకు లాగండి. అప్పుడు దక్షిణం నుంచి ఒక చిన్న వాగు వచ్చి కలుస్తుంది. రోంతీ గాడ్. దాని తల దగ్గర రోంతీ శిఖరం, ఆరు వేల మీటర్లు. నందా దేవికి ఇరవై కిలోమీటర్లకు పైగా పడమర.

2021 ఫిబ్రవరి 7, ఆదివారం, ఉదయం పదిన్నర కూడా కాలేదు. రోంతీ ఉత్తరపు ముఖం మీద 5500 మీటర్ల ఎత్తు నుంచి బండా మంచూ కలిసి ఒక పెద్ద చెక్క ఊడిపోయింది. దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్లు. అందులో నూటికి ఎనభై పాళ్లు రాయి, ఇరవై పాళ్లు మంచు. 1800 మీటర్లు కిందికి పడింది. ఆ తాకిడికి, రాపిడికి పుట్టిన వేడికి మంచు దాదాపు అంతా నీరైపోయింది. రాళ్లు, బురద, నీళ్లు కలిసి గండిలోంచి గోడలా దూకింది. రిషి గంగ ప్రాజెక్టు ఆనవాలు లేకుండా పోయింది. తపోవన్ సొరంగంలో బురద నిండింది. చనిపోయినవాళ్లూ ఆచూకీ దొరకనివాళ్లూ కలిపి 204 మంది. చాలామంది పనికోసం వచ్చిన కూలీలు. అది ఆదివారం కాకపోతే, రాత్రి అయితే, అని లెక్కలు వేసుకోవడం మొదలుపెడితే తెగదు.

ఆ రోజుల్లో రైణీలో కొందరు అన్న మాట పేపర్లలో వచ్చింది: ఆ పాత అణు జనరేటరే పేలి ఉంటుందని. శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తే జనరేటర్ సంగతి ఏమీ లేదు, కొండ చెక్క ఊడిందంతే. ఆ బీటు అంతకు కొన్నేళ్ల ముందు నుంచే మెల్లగా తెరుచుకుంటూ ఉండటం పాత చిత్రాల్లో కనబడింది కూడా. కాబట్టి ఆ పుకారు తప్పు. కానీ దాన్ని చూసి నవ్వుకున్నవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది. తమ నెత్తిన ఏం పెట్టారో పదమూడేళ్లపాటు ఎవరూ చెప్పని ఊరది. రెండేళ్ల ముందే, 2019లో, ఇక్కడ పేలుళ్లు చేస్తున్నారు, నదిని పాడుచేస్తున్నారు అని ఆ ఊరివాళ్లు హైకోర్టు మెట్లెక్కారు. వరద తర్వాత 2021లో ఆ చుట్టుపక్కలవాళ్లు ప్రాజెక్టులు ఆపమని మళ్లీ వెళ్తే పిటిషన్ కొట్టేసి, తలా పదివేలు జరిమానా వేశారు. బీటు అంతరిక్షం నుంచి కనబడింది. దాని గురించి రైణీకి చెప్పినవాళ్లు లేరు.

వాకిలి దగ్గర ఎవరుండాలి, ఎవరుండకూడదు అన్నది ఈ కొండ భూగోళమే చెబుతోంది. 650 చదరపు కిలోమీటర్ల మంచూ మట్టీ ఒకే ఒక గండిలోంచి బయటికి వచ్చే చోట, ఆ గండి మూతి దగ్గర జనరేటర్లు పెట్టి రెండు వందల మందిని పనిలో దించడం ఏ లెక్కన సరైందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నందా దేవిని మళ్లీ తెరవాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. పర్వతారోహకులకు ఆశ ఉండటం సహజం. ఎవరెస్ట్‌కు ఇప్పుడు డబ్బు, శిక్షణ ఉంటే దారి ఉంది. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎక్కి చూపించింది. నందా దేవికి ఏ ధైర్యమూ, ఏ డబ్బూ దారి చేయవు. నా ఓటు అడిగితే, లోపలి కోట అలాగే మూసి ఉండనివ్వాలి. బయటి ప్రాకారంలో ఏం తెరవాలో, ఎంతమందికి తెరవాలో లాతా, రైణీ, తోల్మా ఊళ్లవాళ్లను ముందు అడగాలి. అడగకుండా మూశారు ఒకసారి. అడగకుండా తెరవడం కూడా అంతే తప్పు అవుతుంది.

చూడాలని ఉన్నవాళ్లకు మాత్రం దారులున్నాయి. వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు, నవంబరుల్లో ఔలీ వెళ్లండి, పొద్దున్నే లేవండి, తూర్పు వైపు చూడండి. ఇంకొంచెం కాళ్లలో సత్తువ ఉంటే లాతా నుంచి లాతా ఖరక్ మీదుగా ధరాన్సీ దాకా నడవొచ్చు. అటవీశాఖ అనుమతి కావాలి, నాలుగు వేల మీటర్లు దాటుతారు కాబట్టి ఆగి ఆగి ఎక్కాలి, తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా వెనక్కి తేవాలి. గోడకు ఇవతలే ఉంటారు, గండి మూతి మీంచి లోపలికి చూస్తారు. గైడును మాత్రం జోషీమఠ్‌లో మాట్లాడుకోకండి. లాతాలోనే ఉన్నారు.